తాళం పడ్డ నవ్వు: పియెర్ ఎతెక్స్ సినిమాల డబ్బా గురించి

(మా ఊరి ఫిల్మ్ క్లబ్‌లో మాట్లాడింది. రికార్డింగ్ విని రాసింది కాబట్టి మాట్లాడినట్టే ఉంటుంది. మైకు గోల మాత్రం తీసేశాను.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? సరే. బాబూ, ఆ తలుపు కాస్త వేసెయ్యి... (కిర్రుమన్న చప్పుడు, నవ్వులు) చూశారా, తలుపు కిర్రుమంది, మీరు నవ్వారు. నేనింకా సబ్జెక్టులోకే రాలేదు. ఇవాళ నేను చెప్పబోయే పెద్దమనిషికి ఈ హాలు తలుపు ఒక్కటి దొరికి ఉంటే చాలు, ఇంకేమీ అడిగేవాడు కాదు.

ఈ బ్లూరే డిస్కుల డబ్బా చూడండి. అమెరికాలో క్రైటీరియన్ అనే కంపెనీ 2013లో వేసింది. పియెర్ ఎతెక్స్ అనే ఫ్రెంచ్ ఆయన 1961 నుంచి 1971 దాకా, ఆ పదేళ్ళలో తీసిన ఐదు పెద్ద సినిమాలు, మూడు పొట్టి సినిమాలు ఇందులో ఉన్నాయి. పేరు గురించి ఒక మాట. రాసేటప్పుడు చివర ఎక్స్ ఉంటుంది. ఫ్రెంచ్ వాళ్ళు చివరి అక్షరాలు మింగేస్తారు కదా అని నేను చాలా కాలం తెలివిగా "ఎతే" అంటూ తిరిగాను. తప్పు. ఆ ఎక్స్ పలుకుతుంది. ఎతెక్స్.

దీన్ని మా మేనల్లుడు డల్లాస్ నుంచి వస్తూ సూట్‌కేసులో చాక్లెట్ల మధ్య పెట్టి తెచ్చాడు. ఆ రాత్రే ప్లేయర్‌లో పెట్టాను. తెర మీద ఒక్క లైన్ వచ్చింది, ఈ డిస్కు ఈ ప్రాంతంలో ఆడదు అని. బ్లూరేలకి ప్రపంచాన్ని ఏ, బీ, సీ అని మూడు ముక్కలు చేశారు, మీలో కొందరికి తెలిసే ఉంటుంది, అమెరికా ఏలో ఉంది, మనం సీలో ఉన్నాం. నాకు తెలీదు. పట్టుకెళ్ళి ఒక షాపులో చూపిస్తే ఆయన డిస్కుని లైటు కింద అటూ ఇటూ తిప్పి "గీతలు పడ్డాయి సార్, వేరేది తెచ్చుకోండి" అన్నాడు. సీలు విప్పి ఒక్క రోజైంది! రెండు నెలలు ఈ డబ్బా మా షోకేసులో పెళ్ళి ఆల్బమ్ పక్కన కూర్చుంది. సినిమాలు ఇంట్లోనే ఉన్నాయి, చూడటానికి లేదు. తర్వాత అన్ని ప్రాంతాల డిస్కులూ ఆడే ప్లేయర్ ఒకటి దొరికింది లెండి. కానీ ఆ రెండు నెలలకే నాకు అంత ఉక్రోషం వచ్చిందే, ఈ సినిమాలు తీసిన మనిషికి అదే బాధ ఎన్నేళ్ళు పట్టిందో తెలిశాక నోరు మూసుకున్నాను. దాని దగ్గరికి వస్తాను.

ఎతెక్స్ 1928లో ఫ్రాన్స్‌లో రోఆన్ అనే ఊళ్ళో పుట్టాడు. బొమ్మలు వేసేవాడు, చర్చి కిటికీలకి పెట్టే రంగుటద్దాల పని నేర్చుకున్నాడు. మనసంతా మాత్రం సర్కస్ మీద, అందులోనూ క్లౌన్ వేషం మీద. క్లౌన్ అంటే మనకి సర్కస్‌లో జంతువుల ఆటకీ ఊయలల ఆటకీ మధ్య కాలక్షేపానికి వచ్చే జోకరు. వాళ్ళకి అలా కాదు, అదొక విద్య. 1954లో ఫ్రెంచ్ కామెడీ సినిమాలు తీసే జాక్ తతిని కలిశాడు. మన క్లబ్‌లో తతి సినిమాలు వేసుకున్నాం కదా, ఆ పొడుగాయన, పైపు, కురచ ప్యాంటు. 1958లో వచ్చిన తతి సినిమా "మోనోంక్ల్"కి గ్యాగులు, అంటే నవ్వు పుట్టించే చిన్న చిన్న చేష్టలు, ఆలోచించి బొమ్మలు వేసి ఇచ్చే పని మన ఎతెక్స్‌ది, ఆ సినిమా పోస్టరు కూడా ఆయన గీసిందే.

ఇక్కడే ఇంకో ఆయన ప్రవేశం. తతి సినిమాలని నవలలుగా వేద్దాం అనుకున్నప్పుడు రాయడానికి ఒక కుర్ర రచయితని పెట్టారు, బొమ్మలు ఎతెక్స్ వేశాడు. ఆ కుర్రాడు జాన్ క్లోద్ కారియేర్. ఆయన పేరు వినని వాళ్ళు కూడా ఆయన చేసిన పని గురించి వినే ఉంటారు. ఇంగ్లీషు నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ 1985లో ఫ్రాన్స్‌లో అవిన్యోఁ దగ్గర రాతి క్వారీలో తొమ్మిది గంటల మహాభారతం వేశాడు కదా, ఆ నాటకం రాసింది కారియేరే. అందులో ద్రౌపది మల్లికా సారాభాయ్, మన కూచిపూడి ఆడే మల్లికా సారాభాయ్. 2015లో కారియేర్‌కి పద్మశ్రీ కూడా ఇచ్చారు. అంతటి భారతం రాసినాయన దానికి ముప్ఫై ఏళ్ళ ముందు కాకపోయినా ఇరవై ఏళ్ళ ముందు ఏం రాశాడయ్యా అంటే, పెళ్ళిరోజున ఒక మొగుడు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంటికి చేరలేకపోవడం! ఎతెక్స్, ఆయనా కలిసి తీసిన రెండో పొట్టి సినిమా అది, 1962లో. దానికి ఆస్కార్ వచ్చింది. దాన్ని ఇవాళ మీరే చూస్తారు కాబట్టి ఇక నోరు విప్పను.

వాళ్ళ మొదటి పొట్టి సినిమా 1961ది. ప్రియురాలు ఇక చాలు అని ఉత్తరం రాసి, హీరో ఎతెక్స్ ఫోటో చింపి అందులో పెట్టి పంపుతుంది. ఈయన జవాబు రాద్దామని కూర్చుంటాడు. అంతే కథ. కాగితం, పాళీ, ఇంకు, స్టాంపు, బల్ల, ఒక్కటీ మాట వినదు. మనం ఏటీఎం ముందు నిలబడి కార్డు మూడోసారి తిప్పి పెట్టేటప్పుడు మన మొహం ఎలా ఉంటుందో అదే మొహం ఆయనది పది నిమిషాలు. గమనించాల్సింది ఏమిటంటే ఆయన మొహంతో నవ్వించడు. కళ్ళు పెద్దవి చెయ్యడు, నోరు వంకర పెట్టడు. మంచి సూటు, చక్కగా దువ్విన జుట్టు, మర్యాదస్తుడి మొహం. మనకి కామెడీ అంటే మాట. రేలంగి గారు, రమణారెడ్డి గారి దగ్గర్నుంచి అంతా నోటితో, యాసతో, విరుపుతో. మాట తీసేస్తే మన కామెడీ చాలా వరకు ఆగిపోతుంది, ఇది తిట్టు కాదు, మన నాటకం అలాంటిది, మన భాష అంత రుచి గలది. ఎతెక్స్ కామెడీలో మాట తీసేస్తే ఏమీ పోదు. చప్పుడు తీసేస్తే మాత్రం మొత్తం పోతుంది.

మన దగ్గర ఇది బాగా తెలిసిన మనిషి సింగీతం శ్రీనివాసరావు గారు. 1987లో "పుష్పక విమానం" తీశారు. మాటల్లేని సినిమా అంటాం గానీ, చప్పుళ్ళు లేని సినిమా కాదు. హీరో పెద్ద హోటల్లో మెత్తటి పరుపు మీద పడుకుంటే నిద్ర పట్టదు, తన పాత లాడ్జి దగ్గర వినబడే సినిమా హాలు చప్పుడు టేపులో రికార్డు చేసుకొచ్చి పెట్టుకుంటే గాని కన్ను మూతపడదు. గుర్తుందా? ఆ ఒక్క గ్యాగు చూపించి ఉంటే ఎతెక్స్ లేచి నిలబడి టోపీ తీసేవాడని నా నమ్మకం.

పెద్ద సినిమాల్లో మొదటిది 1963లో వచ్చింది, ఇంగ్లీషులో "ది సూటర్" అంటారు. పెళ్ళి చేసుకోరా అని అమ్మానాన్న సతాయిస్తుంటే నక్షత్రాల పుస్తకాల్లో తల దూర్చి బతికే అబ్బాయి పిల్లని వెతుక్కుంటూ బయల్దేరతాడు. చదువుకునేటప్పుడు చెవుల్లో బిరడాలు పెట్టుకుంటాడు, అవి పెట్టుకోగానే సినిమాకే చప్పుడు ఆగిపోతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు రిమోట్ తీసి వాల్యూమ్ పెంచాను. (నవ్వులు) నిజం. మా ఆవిడ సాక్షి. టీవీలో పాడే ఒక గాయని మీద మనసు పడి గది నిండా ఆమె బొమ్మలు అతికించుకుంటాడు, ఇంట్లోనే ఉన్న స్వీడన్ అమ్మాయికి ఫ్రెంచ్ రాదు. మిగతాది మీరే ఊహించుకోగలరు. బాగుంటుంది, దీనికి ఫ్రాన్స్‌లో లూయీ దెల్యూక్ బహుమతి కూడా వచ్చింది, కానీ నా ఓటు దీనికి కాదు.

నా ఓటు "యోయో"కి. 1965. ఇక్కడ కాస్త ఆగుతాను.

1925వ సంవత్సరం. పెద్ద కోటలాంటి భవంతి, అందులో ఒక కోటీశ్వరుడు, బోలెడు మంది నౌకర్లు. ఈ భాగమంతా మూకీ సినిమాలాగా తీశాడు, మాటలకి బదులు అక్షరాల అట్టలు. కానీ చప్పుళ్ళు ఉంటాయి. అవి కూడా అన్నీ ఉండవు, ఆయన ఎంచుకున్నవే. ఎవరు ఏ తలుపు తీసినా ఒకటే కిర్రు. నగిషీలు చెక్కిన నిలువెత్తు తలుపు, చూస్తే రాజుల కాలంనాటిది, తీస్తే మన పెరటి గేటు. ఒకసారి నవ్వొస్తుంది. రెండోసారి నవ్వొస్తుంది. ఐదోసారికి నవ్వు పోయి, ఆ ఇంట్లో ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది, ఎందుకంటే మనుషులు నిండుగా ఉన్న ఇంట్లో తలుపు చప్పుడు ఎవరికి వినబడుతుంది? పెళ్ళివారి ఇంట్లో తలుపు కిర్రుమంటే మీరెప్పుడైనా విన్నారా?

ఆ కోటీశ్వరుడు కుక్కని షికారు తిప్పే సీను ఒకటి. చిన్న కుక్క. ఈయన పెద్ద కారులో వెనక సీట్లో కూర్చుని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఆ చేతిలో గొలుసు, గొలుసు చివర కుక్క. కారు నడకంత మెల్లగా వెళ్తుంటుంది, పక్కన కుక్క నడుస్తుంటుంది. కెమెరా దగ్గరికి పోదు, "చూశారా ఎంత తమాషానో" అని మోచేత్తో పొడవదు, దూరంగా నిలబడి చూపిస్తుంది, గమనిస్తే మీ అదృష్టం. మన గేటెడ్ కమ్యూనిటీల్లో ఇది ఎప్పుడో ఒకప్పుడు నిజంగానే చూస్తాం అని నా భయం.

ఇంత ఉండీ ఆయనకి ఉన్నది ఒక్కటే, ఒక సర్కస్ అమ్మాయి ఫోటో. ఒకప్పుడు ప్రేమించాడు, వెళ్ళిపోయింది. ఒక రోజు ఆయన కాలక్షేపానికి అని సర్కస్‌ని భవంతికి పిలిపిస్తారు, ఆ గుంపులో ఆమె ఉంటుంది, ఆమెతో పాటు క్లౌన్ వేషంలో ఒక పిల్లాడు. పిల్లాడు ఎవరి కొడుకో వేరే చెప్పాలా. 1929లో మార్కెట్ కూలి ఈయన ఆస్తి గాలికి పోతుంది, అదే అదనుగా సినిమాలోకి మాటలు వచ్చేస్తాయి, నిజంగా అప్పుడే కదా టాకీలు వచ్చింది! ఆస్తి పోయినాయన ఏడవడు. ఆ అమ్మాయితో, కొడుకుతో బండి కట్టుకుని ఊరూరా సర్కస్‌కి బయల్దేరతాడు, సినిమా మొత్తంలో ఆయన మొహం తేటపడేది అప్పుడే. దారిలో ఒక ఊరికి వెళ్తే అప్పటికే ఇంకొకరి పోస్టరు ఉంటుంది, జంపనో, జెల్సోమినా అని. ఆ పేర్లు ఇటలీ దర్శకుడు ఫెల్లీని తీసిన "లా స్త్రాదా"లోని జంటవి, అది చూసినవాళ్ళు ఇక్కడ ఒక్కసారి ఉలిక్కిపడతారు, చూడనివాళ్ళకి అది ఒట్టి పోస్టరు. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఫెల్లీని క్లౌన్ల మీద సినిమా తీస్తూ ఎతెక్స్‌ని పిలిచి అందులో కనిపించమన్నాడు.

పిల్లాడు పెద్దవాడై యోయో అనే పెద్ద క్లౌన్ అవుతాడు, తండ్రి వేషమూ పెద్దైన కొడుకు వేషమూ ఎతెక్స్‌దే. యుద్ధం వస్తుంది, పోతుంది, టీవీ వస్తుంది, డబ్బొస్తుంది. ఆ డబ్బుతో వాడు చేసేది ఏమిటంటే పాడుబడ్డ తండ్రి భవంతిని మళ్ళీ బాగు చేయించడం, మళ్ళీ నౌకర్లు, మళ్ళీ విందులు. అమ్మానాన్న మాత్రం ఆ గుమ్మం తొక్కరు. సినిమా ముగింపులో ఒక ఏనుగు వస్తుంది. అంతకన్నా చెప్పను. ఎవరైనా చెప్పమని అడిగితే పోట్లాట అవుతుంది.

1966 సినిమా నాలుగు ముక్కలుగా ఉంటుంది, 1971లో ఆయనే మళ్ళీ కూర్చాడు. నిద్రపట్టక పిశాచాల నవల చదువుకునే మొగుడి ముక్క ఒక్కటి చాలు. మంచం మీద ఆయన రంగుల్లో, నవల్లోని పిశాచి నలుపు తెలుపులో. మిగతా మూడు ముక్కల్లో నగరం చప్పుడు, సినిమా హాలు యాడ్లు, అడవిలో వేటగాడు. ఒకటి అటూ ఒకటి ఇటూ.

తర్వాత 1969లో రంగుల సినిమా, "లె గ్రాండ్ అమూర్". ఫ్యాక్టరీ ఓనరు కూతుర్ని చేసుకుని మామగారి ఆఫీసులో కూర్చున్న మనిషికి కొత్తగా వచ్చిన సెక్రటరీ మీద మనసు మళ్ళుతుంది. భార్యగా చేసిన ఆమె ఆనీ ఫ్రాతెల్లినీ, తరతరాల సర్కస్ కుటుంబం, నిజజీవితంలో కూడా ఆయన భార్యే అయ్యింది. ఇందులో అందరూ చెప్పుకునే సీను కలది. మంచం మెల్లగా గదిలోంచి జారి రోడ్డెక్కుతుంది. పల్లెటూరి రోడ్డు, అటు నుంచి ఇంకో మంచం, పక్కన చెడిపోయి ఆగిన మంచం, దాని కింద దూరి రిపేరు చేసుకునే మనిషి, మంచాల ట్రాఫిక్! ఈయన దారిలో ఆ అమ్మాయిని ఎక్కించుకుంటాడు, లిఫ్ట్ ఇచ్చినట్టు. ఒక్క ఎఫెక్టూ లేదు, మంచాలకి కింద చక్రాలు, మోటార్లు పెట్టి నిజం రోడ్డు మీద నడిపారు, అందుకే అది కలలా ఉంటుంది.

నాకు దానికన్నా నచ్చింది బెంచీ మీది ముసలమ్మలు. మనవాడు వీధిలో ఒకావిడ ఎదురైతే మర్యాదకి టోపీ ఎత్తుతాడు, అంతే, ఎవరి దారి వాళ్ళది. అది ఒక ముసలమ్మ చూసింది. ఆవిడ ఇంకొకావిడకి చెబుతుంది, అప్పుడు అదే సీను మళ్ళీ కనిపిస్తుంది మనకి, కానీ ఈసారి ఇద్దరూ ఆగి మాట్లాడుకున్నారు. ఆవిడ ఇంకొకరికి చెబుతుంది, ఈసారి చెయ్యి పట్టుకున్నాడు. ఇంకొకరు, ఇంకొకరు, ఇంటిదాకా చేరేసరికి నడివీధిలో జరగకూడనివన్నీ జరిగిపోయాయి. నేను ఇది మా అమ్మకి చూపించాను. ఆవిడకి ఫ్రెంచ్ రాదు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవదు. సీను అయ్యాక "మన వీధిలో తీశారా ఇది?" అంది.

ఇక చివరిది, 1971లో వచ్చిన "పేయి ద కొకాఞ్". ఇదే ఆయన కొంప ముంచింది. కామెడీ కాదు, డాక్యుమెంటరీ. 1969 వేసవిలో సెలవులకి బీచీల దగ్గర టెంట్లు వేసుకునే జనం, వాళ్ళ పాటల పోటీలు, వాళ్ళ తిండి, వాళ్ళ అభిప్రాయాలు, ఉన్నదున్నట్టు తీసి, కత్తెరతో మాత్రం కసిగా కూర్చాడు. ఫ్రెంచ్ వాళ్ళకి మహా కోపం వచ్చింది, మా మొహం మాకే చూపించి నవ్వుతావా అని. ముందు సినిమాల్లో ఆయన తన మీద తాను నవ్వించుకున్నాడు, ఇందులో మైకు పట్టుకుని జనం మీద నవ్వాడు, ఆ తేడా నాకూ కొన్ని చోట్ల గుచ్చుకుంది, దాచుకోవడం ఎందుకు. అయినా చూడాల్సిన సినిమా. తీసిన రీళ్ళలో తనే చిక్కుకుపోయి కొట్టుకుంటూ మొదట్లో కనిపిస్తాడు, అది చూసి జాలేసింది. ఆ తర్వాత హాళ్ళ కోసం ఆయన ఇలాంటి సినిమా మళ్ళీ తియ్యలేకపోయాడు. సర్కస్‌కి వెళ్ళిపోయాడు, ఆనీతో కలిసి పారిస్‌లో సర్కస్ బడి పెట్టాడు, పిల్లలకి పల్టీలు నేర్పాడు.

ఇప్పుడు తాళం సంగతి. హక్కుల కోసం ఎతెక్స్, కారియేర్ ఒక సంస్థతో కాగితం రాసుకున్నారు, ఆ కాగితం వాళ్ళ మెడకే చుట్టుకుంది. ఆ సంస్థ సినిమాలు బయటికి తేలేదు, వీళ్ళని తేనివ్వలేదు. హాల్లో వెయ్యకూడదు, టీవీలో రాకూడదు, డీవీడీ లేదు. తీసిన మనిషి బతికే ఉన్నాడు, నెగెటివులు ఉన్నాయి, చూస్తామనే జనం ఉన్నారు, అయినా చూడ్డానికి లేదు! మన దగ్గర పోయిన సినిమాలు వేరు, 1932 నాటి "భక్త ప్రహ్లాద" ప్రింటే లేదు, ఇక చేసేదేం లేదు, దండం పెట్టుకోవడమే. ఇవి అలా కాదు, బీరువాలో ఉన్నాయి, తాళం చెవి కోర్టులో ఉంది. చివరికి 50 వేల మందికి పైగా సంతకాలు పెట్టారు, సినిమా వాళ్ళు, మామూలు వాళ్ళు. కేసు గెలిచారు. 2010లో అన్నిటినీ ఫ్రేము ఫ్రేముగా కడిగి బాగు చేయించారు, ఆ ఏడాది "లె గ్రాండ్ అమూర్" కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేశారు. అప్పటికి ఎతెక్స్‌కి 81 ఏళ్ళు. ముందు ఫ్రాన్స్‌లో, మూడేళ్ళకి అమెరికాలో డబ్బాలుగా వచ్చాయి.

ఈ డబ్బాలో ప్రతి సినిమాకీ ముందు ఆయనే కూర్చుని రెండు మాటలు చెబుతాడు. ముసలాయన, అదే సూటు, అదే మర్యాద. "నాకు అన్యాయం జరిగింది" అనే ధోరణి ఎక్కడా లేదు. నాకైతే ఆ కోపం ఇంకాస్త ఉంటే బాగుండేది అనిపించింది, రెండు నెలలకే షాపాయన మీద నేను ఎన్ని అన్నానో తల్చుకుంటే! ఆనీ తర్వాత ఆయన చేసుకున్న భార్య ఒదిల్ తీసిన డాక్యుమెంటరీ కూడా ఉంది, ముందు సినిమాలు చూసి అప్పుడు అది చూడండి. ఆయన 2016లో పోయాడు, కారియేర్ 2021లో.

ఇంట్లో చూడటం మంచిదా హాల్లోనా అని ఇందాక ఒకరు అడిగారు. రెండూ అబద్ధం చెప్పకుండా చెబుతాను. ఇంట్లో రిమోట్ ఉంటుంది, పది సెకన్లు వెనక్కి వెళ్ళి ఆ గ్యాగు ఎక్కడ మొదలైందో పట్టుకోవచ్చు, ఎతెక్స్ గ్యాగు ఎప్పుడూ మనం నవ్విన చోట మొదలవ్వదు, రెండు షాట్ల ముందే ఎక్కడో ఒక వస్తువు పెట్టి ఉంచుతాడు. కానీ ఒక్కడే సోఫాలో కూర్చుని చూస్తే "భలే చేశాడే" అనుకుంటాం తప్ప పొట్ట పట్టుకుని నవ్వం. పక్కవాడు నవ్వితేనే మనకి నవ్వొస్తుంది, అది మనిషి గుణం. అందుకే ప్లేయర్‌ని కూడా ఇంటి నుంచి సంచిలో పెట్టుకొచ్చాను.

సరే, పన్నెండు నిమిషాల సినిమా ఇప్పుడు వేస్తున్నాం, ఆ పెళ్ళిరోజుది. సబ్‌టైటిల్స్ పెట్టడం లేదు, అక్కర్లేదు. రెండు సంగతులు మాత్రం కనిపెట్టుకుని ఉండండి, గడ్డానికి సబ్బు నురగతో ఉన్న పెద్దమనిషి ఒకడు వస్తాడు, వాడిని వదలకండి. అవతల ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చున్న భార్య గ్లాసు వైపు కూడా ఒక కన్నేసి ఉంచండి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండమ్మా, చప్పుళ్ళు వినాలి. బాబూ, లైట్లు తీసెయ్యి. సౌండు ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, చాలు. ఎవరైనా బయటికి వెళ్ళాలంటే ఇప్పుడే వెళ్ళి రండి, మధ్యలో ఆ తలుపు తీశారంటే సినిమాలోదో మనదో తెలీక చస్తాం.